నాలుగో గీత

మళ్ళీ నాలుగు గీతలు!

ప్రోటీన్లని విడదీసి చూపే జెల్ మీద, ఒక్కోదానికి ఒక గీత చొప్పున, ఉండాల్సినవి మూడే. గుండె కణం బయటి కబురు అందుకోవాలంటే మూడు ప్రోటీన్లు సరిగ్గా మడతపడి జట్టు కట్టాలి. ఆ జట్టును విడిగా తీసి చూపిస్తేనే ఈ పరిశోధక విద్యార్థిని థీసిస్ గట్టెక్కేది. పరీక్షకులు రావడానికి ఇంకా నెల కూడా లేదు.

"ఈ నాలుగోది ఎక్కణ్ణుంచి ఊడిపడింది?" జెల్ ఫోటో చూసి గైడు మొహం చిట్లించారు. "దీన్ని పరీక్షకి పంపిస్తాను. ఈలోగా ఫ్లాస్కుల్లో మురికి ఉందేమో చూడమ్మా."

అంతే, ఆమె చూపు సింకు దగ్గరికి పోయింది.

అక్కడ గాజుసామాను కడిగే పెద్దమ్మ. వచ్చి మూడు నెలలు. నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాళ్ళనే అసలు నమ్మకూడదని ఆమె గట్టి అభిప్రాయం.

స్టోరు కీపరు ఆజ్యం పోశాడు.

"ఆవిడొచ్చాక డిస్టిల్డ్ వాటరు మంచినీళ్ళలా ఖర్చయిపోతోంది మేడమ్. బ్యాటరీ షాపులవాళ్ళు కళ్ళకద్దుకుని కొంటారు."

ఇంకేం, కథ అల్లుకుపోయింది. మంచివేమో షాపుకి, కుళాయి నీళ్ళేమో తన ఫ్లాస్కులకి!

"పెద్దమ్మా, క్యాన్లన్నీ ఏమవుతున్నాయి?"

"కడగడానికే పాపా."

"అన్ని క్యాన్లా? నా చెవిలో పూలు పెట్టకు."

"మొదట్లో నీ సీసాల్లో పాలు విరిగినట్టు అయ్యేది కదా, అందుకని..."

"నా ప్రయోగం సంగతి నీకెందుకు?"

పెద్దమ్మ కడుగుతున్న ఫ్లాస్కుని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

మర్నాడు ఫిర్యాదు వెళ్ళింది. సాయంత్రానికి పెద్దమ్మ గేటు దాటింది, దొంగ అన్న పేరుతో.

కొత్తగా వచ్చినాయన సబ్బు నురగతో ఫ్లాస్కుల్ని తళతళలాడించాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

వారం తిరిగాక జెల్ చూస్తే నాలుగో గీత లేదు.

"దొంగ పోయింది సార్!"

"దాంతోపాటు మిగతా మూడూ పోయాయి కదా తల్లీ."

నిజమే. ట్యూబు అడుగున విరిగిన పాలలా తెల్లటి ముద్ద తప్ప ఏమీ లేదు.

గైడు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"పరీక్ష ఫలితం ఇవాళే వచ్చింది. అది మురికి కాదమ్మా, షాపెరోన్. మిగతా మూడూ మడతపడి ఒకదానికొకటి అతుక్కునేదాకా పట్టుకుని ఉండే ప్రోటీన్. పని అయ్యాక దానంతట అదే తప్పుకుంటుంది."

"మరిప్పుడెందుకు పోయింది సార్?"

"రవ్వంత సబ్బు మిగిలినా దాని పట్టు జారిపోతుంది. ఫ్లాస్కులు కడుగుతున్నది ఎవరు?"

ఆమె పెద్దమ్మ ఉండే వీధికి పరిగెత్తింది.

గదికి తాళం.

"దొంగని పన్లో ఎవరు పెట్టుకుంటారమ్మా? ఎటో వెళ్ళిపోయింది," అంది పక్కింటావిడ.

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ల్యాబుకి తిరిగొచ్చి నేరుగా సింకు దగ్గరికి వెళ్ళింది.

"సబ్బు వాడొద్దని మీకెవరూ చెప్పలేదా?"

"ఎవరు చెప్తారు మేడమ్? ఇక్కడ గోడకి ఏదో కాగితం ఉంటే పీకి సొరుగులో పరిచాను," అన్నాడు కొత్తాయన.

ఆమె సొరుగు లాగింది. తడికి సిరా అలుక్కుపోయినా, ఆ వంకర అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి:

"పాప సీసాలకి సబ్బు వద్దు, డిస్టిల్ నీళ్ళతో పన్నెండు సార్లు, పాప పరీక్ష అయ్యేదాకా."