ఎండకుండీ

ఎండల చట్టం వచ్చినప్పటి నుంచి సోలార్ పలకలు తుడిచే ప్రతి జట్టుకూ ఒక కుండీ ఇస్తున్నారు. అందులో మందపాటి ఆకుల సక్యులెంట్ మొక్క ఉంటుంది. కూలీలు దాన్ని ఎండకుండీ అంటారు. ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్లూ బయట పని. ఎండ ఎక్కువై ఎర్రబడితే జట్టంతటికీ పది రోజులు నీడపట్టున పని. కుండీ ఎప్పుడూ జట్టు పనిచేసే చోటే ఉండాలి.

ఆ పొద్దున ఓబుళమ్మ తుడుపుకర్ర పక్కన పెట్టి కుండీ ముందు కూర్చుంది.

"మద్దిలేటన్నా, నిన్న దీని అంచులు ఎర్రగా ఉండె గదా?"

మేస్త్రీ మద్దిలేటి ఫోన్లోంచి తలెత్తలేదు. "ఎరుపంటే జబ్బుమ్మా. మందు కొట్టినాం, నయమైంది."

"జబ్బెందుకైతాదన్నా? మనం తలకు గుడ్డ చుట్టుకోమా, అట్లే అది ఎరుపు కప్పుకుంటాది."

ఆమె ఆకును తాకి చూసింది. లేత పచ్చగా, కిటికీ వెలుతురు కోసం సాగినట్టు మొక్క ఒకవైపుకు వంగి ఉంది.

"ఇది ఏసీ గదిలో పెరిగిన బిడ్డ. మా కుండీ యాడ పెట్టినావు?"

మద్దిలేటి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వెనక ఆడవాళ్లు ఒక్కొక్కరే కర్రలు దించారు. వాళ్ల మోచేతులు ఎండకు కమిలి, పొరలు లేచి ఉన్నాయి.

ఓబుళమ్మ తలగుడ్డ విప్పి మొక్కకు నీడ పట్టింది.

"పాపం, తప్పు దీనిది కాదు. ఒక్కసారిగా ఎండలో పెడితే మాడిపోతాది. పది దినాలు నీడన ఉంచి మెల్లగా అలవాటు చేయాల. అప్పుడు అదే నిజం చెప్తాది."

"అంతవరకూ?" అన్నాడు మద్దిలేటి.

"చట్టం ప్రకారం కుండీ యాడుంటే జట్టు ఆడ," అంటూ ఆమె కుండీని చంకనెత్తుకుని షెడ్డు వైపు నడిచింది.