అప్‌డేట్ రాని ఫోన్

చెన్నూరులో రేవతి, సంపత్ అనే భార్యాభర్తలు కలిసి ఒక ఆన్‌లైన్ అష్టాచెమ్మా ఆట తయారుచేశారు. పోయిన వానల్లో సంపత్ గోదావరిలో మునిగిపోయాడు. శవం దొరికింది. జేబులోని ఐఫోన్ దొరకలేదు.

ఆడేవాళ్లు ఒకరి గొంతు ఒకరు వినాలన్నది అతని కోరిక. రేవతి ఒక్కతే ఆ పని పూర్తిచేసింది. కంప్యూటర్లకూ ఆండ్రాయిడ్‌కూ అప్‌డేట్ వెళ్లింది. ఐఫోన్లకు మాత్రం యాప్ స్టోర్ అనుమతి ఇంకా రాలేదు.

ఆ రాత్రి సరిచూద్దామని ఆట తెరిచింది. ఎదుటి ఆటగాడి చోట సంపత్ పేరు వెలిగింది. పక్కనే ఐఫోన్ గుర్తు, పాత వెర్షన్.

"ఏడున్నవ్ సంపత్? ఒక్కసారి పలుకు!" అంది మైకులో.

తర్వాత చాట్‌లో అక్షరాలు వచ్చాయి.

"రేవతీ, ఏమన్న అంటున్నవా? నాకు వినొస్తలేదు. ఈడ మస్తు చీకటున్నది. అప్‌డేట్ ఎప్పుడొస్తది?"

వినబడదని తెలిసీ రేవతి ఇంకా గట్టిగా పిలిచింది.