ఆమేన్ అనే దాకా

"చూశావా? కాగితం చేతులు మారింది!" పోస్టుమాస్టరుగారు భార్యను మోచేత్తో పొడిచారు. "పాస్టరుగారు కళ్ళు కూడా ఒత్తుకుంటున్నారు. అంతే, నా పని అయిపోయింది."

ప్రార్థనామందిరం పక్కగది తలుపుకున్న అద్దంలోంచి కనిపిస్తున్న దృశ్యం అది. లోపల పాస్టరుగారు వడ్రంగి చేతులు రెండూ పట్టుకుని ఊపేస్తున్నారు. గాయకబృందం నాయకుడు గొంతు ఆపరేషనయ్యాక తప్పుకున్నాడు. ఆ స్థానం ఎవరిదో ఈ సాయంత్రం సాధన మొదలుకాకముందే ప్రకటిస్తామన్నారు. పోటీలో మిగిలింది ఇద్దరే. ముప్ఫయ్యేళ్ళుగా మొదటి వరుస వదలకుండా పాడుతూ, ఉద్యోగం నుంచి విరమించినా ఆ వరుస నుంచి విరమించని పోస్టుమాస్టరుగారు ఒకరు. నిరుడు వచ్చి చేరిన వడ్రంగి రెండోవాడు.

"అసూయ పడకండి," అంది భార్య, పాటల పుస్తకంలోంచి తలెత్తకుండానే.

"అసూయా? నాకా?"

అసూయ అనేది ఎప్పుడూ ఎదుటివారికి సోకే జబ్బని ఆయన నమ్మకం. హృదయాన్ని అసూయ నుంచీ చేదు నుంచీ ఎలా కాపాడుకోవాలో ఆ ఉదయమే పాస్టరుగారు ప్రసంగించగా, ఆయన శ్రద్ధగా రాసుకున్నారు కూడా. ఏ మాట సంఘంలో ఎవరికి వర్తిస్తుందో పక్కనే పేర్లతో సహా.

"నా బాధంతా సంఘం గురించే. నొటేషన్ చదవడం రాదు వాడికి. ఒకసారి విని పాడేస్తాడు, అదొక విద్యా? ఇన్నేళ్ళ తర్వాత మనం ఒక వడ్రంగి మాట వినాలా?"

"వడ్రంగి మాట వినకూడదనుకుంటే, ఆదివారాలు హాయిగా ఇంట్లోనే పడుకోవచ్చు కదండీ."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, గోడ మీది నజరేతు వడ్రంగి యేసు పటం కేసి చూడకుండా తల తిప్పుకున్నారు.

వడ్రంగి వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాడు. "వందనాలు సార్. జలుబు చేసిందన్నారు, గొంతు ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండంగా ఉంది. నువ్వు ఆశపడ్డట్టేమీ పూడుకుపోలేదు."

"అయ్యో, నేనెందుకు ఆశపడతానండీ!"

"పైకి అలాగే అంటారులే."

ఇంతలో పాస్టరుగారు ముందుకొచ్చి, చేతిలోని కాగితం బల్ల మీద పెట్టారు. "ప్రకటనకు ముందు, అందరిలోకీ పెద్దవారు, పోస్టుమాస్టరుగారు ప్రార్థన చేస్తారు."

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ప్రార్థించేవారు ఆమేన్ అనే దాకా తక్కినవారు కళ్ళు తెరవరు, ఎదురు చెప్పరు. కాబట్టి మనిషి ముఖం మీద అనలేని మాటలను దేవుడితో, పదిమందికీ వినబడేటంత గట్టిగా, చెప్పుకునే సదుపాయం అక్కడ ఉన్నది. పోస్టుమాస్టరుగారు ఆ విద్యలో ఆరితేరినవారు.

"కృపగల తండ్రీ," అని ఎత్తుకున్నారు. "నిన్నగాక మొన్న వచ్చి, పాస్టరుగారి తలుపులకు ఉచితంగా గడియలు బిగించి, ఆ చేత్తోనే తమ పదవులు కూడా బిగించుకొనువారిని క్షమించుము."

భార్య ఆయన చొక్కా అంచు పట్టి లాగింది.

"చొక్కాలు లాగువారిని కూడా క్షమించుము."

వెనక వరుసలో ఎవరికో వచ్చిన నవ్వు దగ్గుగా మారింది.

"తండ్రీ, రంపపు కోతకూ రాగానికీ తేడా తెలియని కంఠములను నీవే చిత్రిక పట్టి నునుపు చేయుము. ముప్ఫయ్యేళ్ళ సేవను మరచి, ఒక్క ఏడాది నటనకు కరిగిపోవు సేవకులకు వివేకము దయచేయుము."

"ఆమేన్!" అన్నారు కొందరు, ఆశగా.

"ఇంకా ఉన్నది ప్రభువా. ఎవని హృదయములో అసూయ గూడు కట్టినదో, ఎవడు తోటివాని మేలు చూచి ఓర్వలేడో, అట్టివానిని ఈ బృందము దరిదాపులకు రానీయకుము. ఆమేన్."

కూర్చున్నారు. పొద్దుటి నుంచీ ఉన్న కడుపుమంట చల్లారినట్టే ఉంది. పక్కన వడ్రంగి తలవంచుకుని, వేలికంటిన జిగురును గోటితో గీక్కుంటున్నాడు.

పాస్టరుగారు కాగితం విప్పారు. విప్పి, ఒకసారి పోస్టుమాస్టరుగారి కేసి చూశారు. "ఇది ఇందాక ఈ వడ్రంగి సహోదరుడు రాసి ఇచ్చాడు. అందరికీ చదివి వినిపిస్తానని మాటిచ్చాను, కాబట్టి చదువుతున్నాను."

చదివారు.

"'అయ్యగారూ, నాయకత్వం నాకే ఇద్దామనుకుంటున్నామన్నారు. నాకొద్దండి. ముప్ఫయ్యేళ్ళు పాడిన మనిషి ఉండగా నేను ముందు నిలబడితే బాగుండదు. నేను మనసారా ఒప్పుకుంటే ఆయనకే ఇస్తామన్నారు కదా, మనసారా ఒప్పుకుంటున్నాను. పోస్టుమాస్టరుగారు పైకి కాస్త చిటపటలాడినా, ఎవరి మీదా కడుపులో ఏమీ పెట్టుకోరు.'"

భార్య పాటల పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుంది.

పోస్టుమాస్టరుగారికి సిగ్గు వేసిన మాట నిజమే. అయితే ఆ సిగ్గు ఆయన లేచి నిలబడే దాకా కూడా ఆగలేదు. కాలరు సవరించుకుని, "అంతా ప్రభువు చిత్తం," అని వినయంగా నిట్టూర్చి, నాయకుడు నిలబడే చోటుకు ఒక అడుగు వేశారు.

"ఒక్క నిమిషం సార్." వడ్రంగి లేచి, చెవి మీద ఉండిపోయిన పెన్సిలు తీసి, కాగితం కోసం పాస్టరుగారి ముందు చెయ్యి చాపాడు. "అది ప్రార్థనకు ముందు రాసిందండీ."