మిగిల్చిన మాత్రలు

కాలికి ముల్లు గుచ్చుకున్నా మనుషులు పోతున్న రోజులవి. పాత మందులకు క్రిములు చావడం మానేశాయి; పనిచేసే మందు ఒక్కటే మిగిలింది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ తాయారు, రొయ్యల రైతు పట్టాభికి ఏడు రోజులకు ఏడు మాత్రలిచ్చి, ఐదో రోజు చూడబోయింది. మనిషి చెరువు గట్టు మీద హుషారుగా తిరుగుతున్నాడు.

“మాత్రలు వేసుకుంటున్నావా, బాబాయ్?”

“నాలుగో రోజుకే జొరం పారిపోయిందమ్మా. మిగిలిన మూడూ నూరి మేతలో కలిపేశా. రొయ్యలు చచ్చి తేలిపోతంటే చూస్తా కూకోమంటావా?”

తాయారు చూపు చెరువు తూము మీదికి పోయింది. అరకొర మందు తిని బతికిన క్రిమి ఇక ఆ మందుకు చావదు.

“నీ కాళ్లు పట్టుకుంటా, చెరువు నీళ్లు బయటికి వదలకు!”

“పొద్దున్నే కాలవలోకి వదిలేశాగా! ఊరందరికీ తలా కాస్త మందు దక్కుద్ది, మంచిదేగా?”

దిగువన ఆడవాళ్లు బిందెలు ముంచుతున్నారు.