ఒక్క మునక

రాత్రి వానకు ఎల్లారెడ్డి ఊరి దగ్గరి వాగు ఎర్రగా పారుతోంది. మోకాలి లోతే కదా అని దుర్గవ్వ బీడీల గంప నెత్తిన పెట్టుకుని దిగింది. కార్ఖానా అవతలి ఒడ్డున ఉంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆమె ఎదుటి మద్దిచెట్టుకు సూటిగానే వాగు దాటుతుంది.

"అవ్వా, ఆగు! చెట్టు దిక్కు రాకు!"

అవతలి ఒడ్డున ట్రాక్టర్ దిగుతూ కొడుకు మహిపాల్ అరిచాడు.

దుర్గవ్వ ఉన్నచోటే ఆగింది. పోయిన నెల ఆమెతో కలిసి బీడీలు చుట్టే పొరుగింటామె ఇక్కడే మునిగిపోయింది. కాలు జారిందన్నారు. ఎక్కడ వెతకాలో తోచక ఊరంతా ఒడ్డున నిలబడితే, మహిపాల్ దూకి ఒక్క మునకలో శవాన్ని పైకి తెచ్చాడు. అలాంటి కొడుకును కన్నావని అందరూ ఆమెను మెచ్చుకున్నారు.

"కుడి దిక్కు జరుగు. ఇంకింత. ముంగట గుంతున్నది, సుట్టు తిరిగి రా. ఆఁ, ఇగ సీద రా."

అడుగు కనబడని నీళ్లలో కొడుకు మాటే పట్టుకుని దుర్గవ్వ ఒడ్డెక్కింది. మహిపాల్ గంప అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. ట్రాలీ సందుల్లోంచి తడి ఇసుక రాలుతోంది. ఇన్నాళ్లూ గుట్ట మీంచి మొరం తోలుతున్నానని చెప్పాడు వాడు.

"నీళ్ల కింద గుంతలు యాడున్నయో నీకెట్ల ఎరుకరా?"

మహిపాల్ ట్రాలీకి అడ్డంగా జరిగాడు.

"గందుకేనా," దుర్గవ్వ గంప కింద పెట్టింది, "ఆమెను ఒక్క మునకలనే తీసినవ్?"