ఆపిల్ చెట్టు కనిపించే మంచం

"అమ్మని అక్కడ పడేస్తావా? రేపు బాబాయిలు మన మొహాన ఉమ్మేస్తార్రా!" ఆసుపత్రి వరండాలోనే షోల్పాన్ తమ్ముడి మీద విరుచుకుపడింది.

తొలెగెన్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇక చేసే వైద్యం ఏమీ లేదనీ, హాస్పిస్‌లో చేర్చడం మేలనీ డాక్టరమ్మ ఇప్పుడే చెప్పి వెళ్ళింది. ఊళ్ళో ఉన్నది అదొక్కటే. పోయేవాళ్ళకి నొప్పి తెలియకుండా చూస్తారు. అంతకుమించి ఏమీ చెయ్యరు.

"ఇంట్లో ఇంజెక్షన్లు ఎవరు చేస్తారక్కా? మనకి వినపడకూడదని మొన్న దిండు కొరికింది. చిరిగిన దిండు చూపించనా?"

"కజక్ ఇంట్లో చిన్నకొడుకువి. అమ్మని కనిపెట్టుకుని ఉండాల్సింది నువ్వే. నాన్నకి జబ్బు చేస్తే అమ్మేం చేసింది? గాలి మార్పుకి శానిటోరియం తీసుకెళ్ళి దొరబాబులా చూసుకుంది. పూటపూటా ఒంటెపాలు పట్టించింది. నువ్వేమో ఆవిణ్ణి ఆ చావుకొంపకి పంపుతానంటావు!"

"నువ్వు చూశావా? అప్పుడు నువ్వు దూరాన అక్తావ్‌లో, నేను పటాలంలో."

"అమ్మ చెప్పిందిగా!"

ఇద్దరికీ ఏడుపొచ్చింది. కాసేపటికి షోల్పాన్ ముక్కు తుడుచుకుంది.

"సరే, ఆవిడకేం చెప్తావు?"

మా కజక్ వాళ్ళకి రోగితో రోగం పేరు చెప్పడమంటే చేతులారా గొంతు నులమడమే. వాళ్ళమ్మ బాల్జాన్‌కి కూడా ఇన్నాళ్ళూ పిత్తాశయంలో రాళ్ళనే చెప్పుకొచ్చారు. డాక్టరమ్మతో సహా.

"శానిటోరియం అనే చెప్తాను," అన్నాడు తొలెగెన్.

గదిలో మంచం మీద బాల్జాన్ కళ్ళు తెరిచి, కొడుకు చెప్పిన శానిటోరియం మాట అంతా వింది.

"ఎన్నాళ్ళురా?"

"మూడు వారాలమ్మా. నువ్వు కోలుకునేదాకా."

ఆవిడ కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది.

"మంచిపని చేశావు. ఉన్ని శాలువా పెట్టించు, అక్కడ పొద్దునపూట చలి. కిటికీ పక్క మంచం అడుగు, ఆపిల్ చెట్టు కనిపిస్తుంది. ఆ గడ్డం గీసుకో ముందు. నలుగురిలోకి వెళ్తూ ఆ అవతారమేంట్రా?"

నాన్న వెళ్ళిన చోటికే అనుకుంటోంది, పిచ్చితల్లి. నమ్మినందుకు తొలెగెన్ ప్రాణం కుదుటపడింది. మోసం చేస్తున్నందుకు తలెత్తలేకపోయాడు.

మర్నాడు అమ్మనీ అక్కనీ కారులో ఉంచి తనొక్కడే హాస్పిస్ లోపలికి పరిగెత్తాడు. తలుపు దగ్గర తెల్ల రుమాలు కట్టుకున్న ముసలి నర్సు ఎదురైంది. ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాడు.

"పెద్దమ్మా, నీకు పుణ్యముంటుంది. మా అమ్మకి ఇది శానిటోరియం అని చెప్పాను. ఆవిడ ముందు హాస్పిస్ అన్న మాట ఎవరూ అనకండి. బోర్డు కనపడకుండా వెనక గేటులోంచి తీసుకొస్తాను."

నర్సు కిటికీలోంచి కారు వైపు చూసింది. కారులో బాల్జాన్ చెయ్యి ఊపింది. నర్సు కూడా ఊపి, కళ్ళు తుడుచుకుంది.

"వెనక గేటు మీ అమ్మకి తెలుసు బాబూ. మీ నాన్నని తీసుకొచ్చిన రోజు ఇక్కడే నిలబడి, నా చెయ్యి ఇలాగే పట్టుకుని, ఇదే మాట అడిగింది."