గొంతు సవరింపు

డాక్టరు టార్చి వేసి అతని గొంతులోకి చూసి పెదవి విరిచాడు.

"పోయినసారి కంటే ఎర్రబడింది. మందులు వాడుతున్నావా, పారబోస్తున్నావా?"

"వాడుతున్నానండీ."

"సిగరెట్లు?"

"అలవాటు లేదండీ."

"ఏం పని చేస్తావు?"

"గడియారాలు బాగుచేస్తాను."

డాక్టరుకు ఒళ్లు మండింది. పొద్దస్తమానం కంటికి భూతద్దం పెట్టుకుని తల వంచుకు కూర్చునేవాడికి, వీధి వీధీ తిరిగి కూరగాయలు అమ్మేవాడి గొంతు ఎలా వచ్చిందో ఆయనకు అంతు చిక్కలేదు.

"గొంతు బిగబట్టి మాట్లాడుతున్నావు. మాటిమాటికీ సవరించుకుంటున్నావు. ఆ రెండూ మానకపోతే ఏ మందూ పనిచేయదు. ఉన్న గొంతు కాస్తా పోతుంది. తర్వాత నన్నని లాభం లేదు."

అతను తలూపాడు. తలూపడానికేం, వచ్చిన ప్రతిసారీ ఊపుతూనే ఉన్నాడు.

కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు. పగలు అమ్మను కనిపెట్టుకుని ఉండే ఆయా గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

"ఇవాళైనా ఆ గొంతును కాస్త వదిలెయ్యరాదా బాబూ," అంది గుసగుసగా.

అతను చెయ్యి అడ్డంగా ఊపి లోపలికి నడిచాడు. గొంతు పోతే పోయింది, ఆ తర్వాత అమ్మ ఏమైపోతుందోనన్నదే అతని బెంగ.

అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చూపు పోయి చాలాకాలమైంది. ఆమెకు మనుషులంటే చప్పుళ్లే. అతను గది గడప దగ్గర ఆగి, గట్టిగా రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. లోపల ముల్లు దిగినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వచ్చావా పెద్దోడా."

"వచ్చానమ్మా," అన్నాడు బొంగురుగా. "తిన్నావా?"

"తిన్నాలే. చిన్నోడి కబురేమైనా తెలిసిందా? నా దగ్గరికి రావడమే మానేశాడు."

"వాడికేం, బాగానే ఉన్నాడు. పనిలో పడి తీరిక లేదట. నేనున్నాగా, ఇంకెందుకు దిగులు?"

"నువ్వున్నావులే," అని ఊరుకుంది అమ్మ.

అంతలో దగ్గు తెర కమ్ముకొచ్చింది. అతను మంచం పట్టె పట్టుకుని వంగిపోయాడు. ఎంతకీ తెరిపి ఇవ్వలేదు. అమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి అతని మెడ దగ్గర ఆగింది. వేళ్లతో మెల్లగా నిమిరింది.

"మీ అన్న ఇక లేడని నాకెప్పుడో తెలుసు, ఇకనైనా నీ గొంతుతో మాట్లాడరా చిన్నోడా."